నిశాచర నకులము: సొకోకె ముంగిసను గూర్చిన వివాదముల సమీక్ష

కర్నూలు జిల్లా పడమటి భాగమున, ఆదవాని ఎమ్మిగనూరు పట్టణముల పరిసరములందలి మాధవరము వంటి గ్రామములలో ముంగిస యన్నమాట వినినంతనే, పట్టపగలు పత్తిచేని గట్టు వెంబడి ముట్టె నేలకానించి పరుగెత్తి, ముండ్లకంపలో దూరి, మరల తల యెత్తి చూచెడు బూడిదవన్నె జంతువే ఎవరికైనను స్ఫురించును. ముంగిస పగటి జీవి యనుటయు, ఊరి ప్రక్కల నుండునదనుటయు, అరుదైనది కాదనుటయు మన ప్రాంతమున ఎవరును శంకింపని విషయములు. ఈ మూడింటికిని విరుద్ధమైన ముంగిస యొకటి హిందూమహాసముద్రపు ఆవలి గట్టున, కెన్యా టాంజానియా దేశముల తీరారణ్యములలో కలదు. అది రాత్రివేళనే సంచరించును. దట్టమైన పొదలను విడిచి వెలుపలికి రాదు. మనుష్యుల కంటికి మిక్కిలి అరుదుగా చిక్కును. కెన్యా తీరమందలి అరబూకో సొకోకె అరణ్యమును బట్టి దానికి సొకోకె ముంగిస యన్న వాడుక పేరు వచ్చినది. శాస్త్రజ్ఞులు దానిని బ్డియోగేలె ఆమ్నివోర యందురు; ఆ పేరు స్వతంత్ర జాతినామముగా నిలువదగునా యన్న విషయమున వారిలో వారికే ఏకాభిప్రాయము లేదు.

ఈ జంతువును గూర్చి శతాబ్దమునకు పైగా జరిగిన చర్చలో మూడు ప్రశ్నలు పెనవేసికొని పోయినవి. ఇది ప్రత్యేక జాతియా, లేక విశాలముగా వ్యాపించిన మరియొక ముంగిసకు తీరప్రాంతపు రూపభేదమా? ఇది నిజముగనే అరుదైనదా, లేక రాత్రించరమగుటచే మనకు కానరాకున్నదా? దీని రక్షణ కొరకు చేయు వాదము దీని పేరు మీద ఆధారపడవలెనా, దీని అడవి మీదనా? ఒక ప్రశ్నకు దొరకిన జవాబును మరియొక ప్రశ్నకు అరువు తెచ్చికొనుట వలననే ఈ చిక్కు బలిసినదని ఈ వ్యాసకర్త అభిప్రాయము. కావున వానిని విడదీసి చూపుటయే ఇచటి ప్రయత్నము.

ముంగిస కుటుంబమున దీని స్థానము

ముంగిసలన్నియు హెర్పెస్టిడే యను ఒకే కుటుంబమునకు చెందినవి. ప్రధానముగా ఆఫ్రికా ఆసియా ఖండములు వానికి జన్మభూములు. జన్యుపరిశోధన ఈ కుటుంబమును ముఖ్యముగా రెండు శాఖలుగా చీల్చి చూపినది. మందలు కట్టి బ్రతుకు మీర్కాట్టులు, పట్టెల ముంగిసలు, మరగుజ్జు ముంగిసలు ఒక శాఖ. ఒంటరిగా వేటాడు తక్కిన ముంగిసలన్నియు రెండవ శాఖ. మన దేశపు ముంగిసలును, సొకోకె ముంగిసయును ఈ రెండవ శాఖకు చెందినవే యైనను, వాని నడవడి వేరు. ఆసియాలోని ఒంటరి ముంగిసలలో అత్యధికభాగము పగటివేళ తిరుగుచుండగా, ఆఫ్రికాలో తెల్లతోక ముంగిస మొదలగునవి చీకటి పడిన తరువాతనే బయలుదేరును. కావున ఈ కుటుంబమున నిశాచరత్వము వింత కాదు. మన యెదుట తిరుగు ముంగిసను బట్టి కుటుంబమునంతటిని ఊహించుటయే పొరపాటు.

బ్డియోగేలె ప్రజాతిని తక్కిన పెక్కింటి నుండి వేరుపరచు లక్షణము పాదములలో కలదు. మన ముంగిసలకు నాలుగు కాళ్ళకును అయిదేసి వ్రేళ్ళుండును. ఈ ప్రజాతి ముంగిసలకు ప్రతి పాదమునకును నాలుగు వ్రేళ్ళే. బొటనవ్రేలు పూర్తిగా లోపించినది. తోక దట్టమైన రోమములతో గుబురుగా నుండును, కాళ్ళు నల్లనివి, శరీరము బరువుగా, నడక తొందరలేనిదిగా కనబడును. ప్రధానాహారము చీమలు, చెదలు, పేడపురుగులు మొదలగు కీటకములు. వానితో పాటు బల్లులు, చిన్న పాములు, ఎలుకలు. పామును యెదిరించు శూరునిగా మన కథలలో వెలసిన నకులమునకును, అడవినేలపై రాలుటాకులను గీరుచు చెదపురుగుల కొరకు వెదకు ఈ జంతువునకును గల దూరము కొద్దిదేమియు కాదు.

వివాద చరిత్ర

జర్మను ప్రకృతిశాస్త్రజ్ఞుడు విల్హెల్ము పీటర్సు మొజాంబికు ప్రాంతమున సేకరించిన నమూనాలను బట్టి 1850 ప్రాంతమున బ్డియోగేలె ప్రజాతిని స్థాపించి, గుబురుతోక ముంగిసకు బ్డియోగేలె క్రాసికాడ యని పేరిడెను. అటు తరువాత 1908లో థామసు, రాటన్ అనువారు జాంజిబారు ద్వీపపు ముంగిసను టెన్యూయిసు అను వేరు పేరుతో వర్ణించిరి. 1913లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఎడ్మండు హెల్లరు, మొంబాసా రేవునకు లోతట్టుననున్న మజెరాసు నుండి లభించిన నమూనా ఆధారముగా ఆమ్నివోర యను పేరును ప్రవేశపెట్టెను. ఆనాటి పద్ధతి యెట్టిదో ఇచట గమనింపవలెను. ఒక చర్మము, ఒక పుఱ్ఱె, దొరకిన చోటు, కొలతల పట్టిక: ఇంతమాత్రపు సామగ్రితో ఐరోపా అమెరికా వస్తుప్రదర్శనశాలలలో కూర్చున్న పండితులు దూరదేశపు జంతువులకు నామకరణము చేయుచుండిరి. రంగులో ఒక ఛాయ మారినను, తోక అంగుళము పొట్టిదైనను, కొత్త పేరు పుట్టెడిది. వారి శ్రద్ధను తక్కువ చేయుటకు వీలులేదు. వారు భద్రపరచిన చర్మములే నేటికిని మనకు సాక్ష్యములు. కాని ఒకే జాతిలో వ్యక్తికి వ్యక్తికి ఎంత భేదముండునో తెలిసికొనుటకు వలసినన్ని నమూనాలు వారియొద్ద లేకుండెను.

1970లో సేల్, టేలరు అను నిరువురు కెన్యాకు చెందిన నల్లని రూపమొకదానిని నైగ్రెసెన్సు అను ఉపజాతిగా వర్ణించుటతో పేర్ల సంఖ్య మరియొకటి పెరిగినది. ఆ టేలరే 1987లో అమెరికా క్షీరదశాస్త్ర సంఘమువారి గ్రంథమాలలో గుబురుతోక ముంగిసను గూర్చి సమగ్ర వివరణ ప్రకటించి, ఆమ్నివోరతో సహా ఈ రూపములన్నింటిని ఒకే జాతిలోని ఉపజాతులుగా లెక్కించెను. అందుకు భిన్నముగా, తూర్పు ఆఫ్రికా క్షీరదములపై అధికారియైన జోనథన్ కింగ్డన్ 1997లో వెలువరించిన ఆఫ్రికా క్షీరదముల గ్రంథమున సొకోకె ముంగిసకు స్వతంత్ర జాతిస్థానము నొసగెను. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము తన ఎర్రజాబితాలో కింగ్డన్ మార్గమును అనుసరించి, దీనిని వేరు జాతిగా గణించి, ఆపదకు లోనగు దుర్బల జాతుల వర్గమున చేర్చినది. గుబురుతోక ముంగిస మాత్రము చింతకు తావులేని జాతుల కోవలో నున్నది. రెండు పక్షములును నేటివరకు తమ తమ స్థానములను విడువలేదు.

ఏకజాతివాదము

ఒకే జాతి యను పక్షమువారి బలము వ్యాప్తిలో కలదు. గుబురుతోక ముంగిస మొజాంబికు, జింబాబ్వే దేశములు మొదలుకొని టాంజానియా మీదుగా ఉత్తరమునకు విస్తరించిన జంతువు. ఇంత విశాలమైన భూభాగమున వర్షపాతమును బట్టి, నేలరంగును బట్టి, అడవి దట్టమును బట్టి రోమవర్ణము క్రమక్రమముగా మారుట క్షీరదములలో సర్వసాధారణము. తేమ హెచ్చిన చోట రంగు ముదురుట, పొడినేలలలో పాలిపోవుట అనేక జంతువులలో గమనింపబడిన విషయమే. రంగు ఇట్లు మెట్లు మెట్లుగా మారుచుండగా, ఆ వరుసలో ఒక చివరనున్న రూపమును తీసి వేరు జాతి యనుట గీత లేనిచోట గీత గీయుటయే యగునని వీరి వాదము.

ఎర్నెస్టు మేయరు 1942లో ప్రతిపాదించిన జీవశాస్త్రీయ జాతి నిర్వచనము వీరికి తాత్త్వికాధారము. దాని ప్రకారము తమలో తాము సంతానోత్పత్తి చేయుచు, ఇతర సమూహములతో చేయజాలని జీవసమూహమే జాతి. సొకోకె ముంగిస గుబురుతోక ముంగిసతో జతకూడజాలదని ఎవరు చూపిరి? చూపనంతవరకు రెండును ఒకటియే యని వీరు తలంతురు. ఈ వాదమునకు నేటికాలపు హెచ్చరిక యొకటి తోడైనది. ఐజాక్, మాలెట్, మేస్ అను పరిశోధకులు 2004లో జాతుల సంఖ్య అకారణముగా పెరిగిపోవుటను గూర్చి ప్రకటించిన విమర్శలో, ఉపజాతులను జాతులుగా హెచ్చించుట వలన అరుదైన జంతువుల జాబితా ఉబ్బిపోయి, నిజమైన నష్టమునకును కాగితముపై పుట్టిన నష్టమునకును తేడా తెలియకుండునని చూపిరి. ఆ విమర్శ ముంగిసలను ఉద్దేశించినది కాకున్నను ఇచటికిని వర్తించును.

పృథగ్జాతివాదము

వేరు జాతి యను పక్షమువారు ముందుగా ఆకృతిని చూపుదురు. సొకోకె ముంగిస దక్షిణపు బంధువు కంటె చిన్నది. దాని మేను పసుపువన్నె కలిసిన లేత ఛాయతో నుండి నల్లని కాళ్ళతోను తోకతోను స్పష్టమైన విరుద్ధత చూపును. కాని వీరి అసలు బలము ఆకృతి కాదు, స్థలము. తూర్పు ఆఫ్రికా తీరారణ్యములు లోతట్టునందలి పొడినేలలచే చుట్టబడి, చిరకాలముగా ఒంటరియైపోయిన అడవులు. బంగారువన్నె పిరుదుల ఏనుగు చుంచు, 1966లో శాస్త్రలోకమునకు పరిచితమైన సొకోకె గుడ్లగూబ మొదలగు ప్రాణులు ఈ తీరము దాటి దొరకుట అరుదు. ఇన్ని ప్రాణులను వేరుచేసిన ఏకాంతము ముంగిసను మాత్రము వేరుచేయక విడిచెనా యన్నది వీరి ప్రశ్న.

మేయరు నిర్వచనము ఇట్టిచోట పనికిరాదని కూడ వీరు చెప్పుదురు. రెండు సమూహములు ఒకచోట కలిసియున్నప్పుడే అవి జతకూడునో లేదో తెలియును. అడవితునకలుగా విడిపోయిన జంతువుల విషయమున ఆ పరీక్ష జరుగుటకే అవకాశము లేదు. 1983లో క్రేక్రాఫ్టు వివరించిన వంశావళి జాతి నిర్వచనము, అనగా వేరొక సమూహమున లేని స్థిరలక్షణములతో గుర్తింపదగిన మూలవంశమే జాతి యన్న దృష్టి, వీరికి అనుకూలము. నిష్పక్షపాతముగా చెప్పవలెనన్న, ఈ దృష్టియందును లోపము కలదు. ఎంత సూక్ష్మముగా వెదకిన అంత సూక్ష్మమైన భేదము దొరకును. ఆ లెక్కన జాంజిబారు ముంగిస, నల్లని ముంగిస కూడ జాతులు కావలసివచ్చును.

ఒక పక్షము భేదములను సామాన్యమను గంగలో కలుపుచున్నది. రెండవది ప్రతి పాయకును పేరు పెట్టుచున్నది. మొదటిదానిలో భ్రమ జరిగినచో నిజముగా వేరైన ప్రాణి గుర్తింపబడకయే నశింపవచ్చును. రెండవదానిలో భ్రమ జరిగినచో కొద్దిపాటి ధనమును శ్రమయు వ్యర్థము కావచ్చును. ఈ రెండు భ్రమల మూల్యము సమానము కాదని మాత్రము రెండు పక్షములును ఒప్పుకొనక తప్పదు.

జన్యుపరీక్ష ఏమి తేల్చగలదు: మన ముంగిసల దృష్టాంతము

ఇట్టి వివాదములను జన్యుపరీక్ష తేల్చివేయునన్న ఆశ సహజము. ఆ ఆశ ఎంతవరకు సఫలమగునో భారతదేశపు ముంగిసల చరిత్రయే చెప్పుచున్నది.

బంగాళా, నేపాళము, ఉత్తర హిందూస్థానములందలి చిన్న ముంగిసను 1836లో ప్రకృతిశాస్త్రజ్ఞుడు హాడ్జ్‌సను వర్ణించెను. తరువాతి పండితులు దానిని 1818లోనే వర్ణితమైన జావా ముంగిసలో కలిపివేసిరి. ఆ కలయిక చిరకాలము ప్రామాణికముగా చెలామణి యైనది. ఆ నడిమి కాలమున ఆ చిన్న ముంగిస లోకమంతట తిరిగినది. 1872లో ఎస్ప్యూటు అను తోటయజమాని కలకత్తా నుండి తొమ్మిది ముంగిసలను జమైకాకు తెప్పించి, చెరకుతోటలలో ఎలుకలను చంపుటకు విడిచెను. వాని సంతతి కరీబియను దీవులందును, 1883లో జమైకా నుండి హవాయి దీవులందును వ్యాపించినది. 1910లో జపానువారు ఒకినావాకు తెచ్చికొనిరి, 1979లో అమామీ దీవిలో విడిచిరి. ఎలుకలు ప్రధానముగా రాత్రి తిరుగునవి, ఈ ముంగిస పగలు తిరుగునది. కావున ఎలుకలతో పాటు, చాలచోట్ల అంతకంటె హెచ్చుగా, నేలపై గూళ్ళు కట్టు పక్షులును, బల్లులును, కప్పలును దానికి బలియైనవి. ప్రాణి ఏ వేళ మేల్కొనియుండునో తెలిసికొనకయే దానిని మరియొక దేశమునకు పంపినవారి అవివేకమునకు ఇంతకంటె దుఃఖకరమైన ఉదాహరణము అరుదు. అమామీ దీవి నుండి దానిని నిర్మూలించితిమని జపాను ప్రభుత్వము ప్రకటించుటకు 2024 వరకు పట్టినది.

ఇంత ఖ్యాతికెక్కిన జంతువు ఏ జాతిదో తేలినది 2007లో మాత్రమే. జెరాల్డిన్ వెరన్ మొదలగువారు జన్యుపరీక్ష చేసి, చిన్న ముంగిసయును జావా ముంగిసయును వేరు జాతులనియు, సాల్వీన్ నది ప్రాంతము వాని నడుమ ఎల్లయనియు చూపిరి. లోకమునకు మిక్కిలి హానికరములైన నూరు పరదేశ జాతుల పట్టికలో అంతవరకు ముద్రితమైన పేరు జావా ముంగిసది! దోషి ఒకరు, పేరు మరియొకరిది. 2009లో పటూ మొదలగువారు మరియొక అడుగు ముందుకు వేసి, ఆసియా ముంగిసలన్నియు ఆఫ్రికా హెర్పెస్టెసు ప్రజాతి నుండి వేరైన ఏకవంశమని నిరూపించుటతో, హాడ్జ్‌సను నాటి ఉర్వ యను ప్రజాతినామము మరల వాడుకకు వచ్చినది. ఫిజీ దీవిలో చిన్న ముంగిస యొకటే కలదని యందరు నమ్మియుండగా, 2007, 2009 సంవత్సరముల పరీక్షలలో దక్షిణభారతపు గోధుమవన్నె ముంగిస కూడ అచట స్థిరపడియున్నట్లు బయల్పడినది.

ఈ చరిత్రను బట్టి పృథగ్జాతివాదులు ధైర్యము తెచ్చికొనవచ్చును: కలిపివేసిన జాతులు విడివడిన దృష్టాంతము కదా యని. కాని చిన్న ముంగిస విషయమున తీర్పు సాధ్యమైనది, నేపాళము మొదలు జావా వరకు నమూనాలు దొరకినందువలననే. సొకోకె ముంగిస విషయమున అట్టి వరుస లేదు. మొజాంబికు మొదలు మొంబాసా వరకు అంచెలంచెలుగా నమూనాలు సేకరింపబడి, అందును ముఖ్యముగా టాంజానియా ఈశాన్యమున రెండు రూపములును సమీపించు తూర్పు ఉసాంబర కొండల పరిసరమున మధ్యస్థరూపములు కలవా లేవా యని పరీక్షింపబడినప్పుడే తీర్పు తీర్పనిపించుకొనును. రెండు చివరల నుండి రెండు నమూనాలు తెచ్చి పోల్చినచో ఎట్టి జంతువునందైనను భేదము కనబడును.

అరుదా, అగోచరమా?

రెండవ ప్రశ్న మొదటిదాని కంటె ఆచరణలో ముఖ్యమైనది. రాత్రివేళ దట్టమైన పొదలలో ఒంటరిగా తిరుగు జంతువు పూర్వపు ప్రకృతిశాస్త్రజ్ఞులకు ఉచ్చులలో పడినప్పుడో, రహదారిపై బండి క్రింద నలిగినప్పుడో మాత్రమే చిక్కెడిది. కనబడలేదు కనుక అరుదు అన్న నిర్ణయము అప్పటినుండియు స్థిరపడినది.

స్వయంచాలక కెమెరాలు వచ్చిన తరువాత ఈ పరిస్థితి మారినది. చెట్టుమొదలున మోకాలెత్తున కట్టిన పెట్టెలోని యంత్రము, ఎదుట కదలిన శరీరపు వేడిమిని పసిగట్టి, మనుష్యుడు లేకయే చిత్రము తీసికొనును. 2006లో డి లూకా, రొవేరో అనువారు ఇదే పద్ధతిచే, కెన్యా ఉగాండాలలో మాత్రమే కలదని తలచిన జాక్సను ముంగిసను, అనగా సొకోకె ముంగిసకు సమీపబంధువును, వందలాది కిలోమీటర్ల దూరమున టాంజానియా దేశపు ఉడ్జుంగ్వా కొండలలో కనుగొనిరి. ఆ కొండలయందే కెమెరాకు చిక్కిన బూడిదముఖపు ఏనుగు చుంచు 2008లో నూతనజాతిగా వర్ణితమైనది. ఇట్టి వార్తలను బట్టి కొందరు నిశాచరములు నిజమునకు అరుదైనవి కావని, మన కన్నులే చాలకుండెనని వాదింప మొదలిడిరి.

ఈ వాదమున సత్యము కలదు గాని, మితిమీరిన విశ్వాసము కూడ కలదు. ఒక కెమెరా ఒక రాత్రి పనిచేయుటను ఒక లెక్కగా తీసికొని, నూరు లెక్కలకు ఎన్ని చిత్రములు వచ్చెనో చూచి జంతుసమృద్ధిని చెప్పు పద్ధతి చాల ప్రచారమున కలదు. పులి చారలను బట్టి పులిని పులి నుండి వేరుచేయవచ్చును. గుర్తులు లేని ముంగిస విషయమున పది చిత్రములు పది ముంగిసలవో, ఒకే ముంగిస పదిమార్లు వచ్చెనో చెప్పుటకు వీలులేదు. పెద్ద జంతువుల కొరకు ఎత్తుగా బిగించిన కెమెరా చిన్న జంతువును తరచు విడిచిపుచ్చును. మాంసము ఎరగా పెట్టినచో కీటకాహారి రాకపోవచ్చును, ఇతర మాంసాహారులు మాత్రము గుంపుగా రావచ్చును. ఈ లోపములను సవరించుటకు 2002 నుండి మెకెంజీ మొదలగువారు వృద్ధిచేసిన గణితపద్ధతి, జంతువు ఉండియు కనబడకపోవు సంభావ్యతను వేరుగా అంచనా కట్టి, ఎన్ని స్థలములలో అది వసించుచున్నదో చెప్పుటకు యత్నించును. అది చెప్పునది వాసస్థలముల విస్తృతి. జంతువుల సంఖ్య కాదు. ఈ తేడాను మరచి చిత్రముల సంఖ్యను జనాభాలెక్కగా వాడుట ఇరుపక్షముల రచనలయందును కానవచ్చు దోషము.

పాదముద్రల పద్ధతిని గూర్చి ఒక మాట. కడప జిల్లా లంకమల ప్రాంతమున, 1986లో మరల కనుగొనబడిన కలివికోడి యను రాత్రించర పక్షి జాడ తీయుటకు, పొదల నడుమ మెత్తని మట్టిని పరచి ముద్రలను పరీక్షించు పద్ధతిని పరిశోధకులు వినియోగించిరి. కెమెరాల కంటె చౌకయైన ఈ పద్ధతి నాలుగు వ్రేళ్ళ బ్డియోగేలెకు మరింత అనుకూలమని తోచును. ఆ అడవులలోని తక్కిన ముంగిసలు, పునుగుపిల్లులు అయిదు వ్రేళ్ళవి కదా. అయితే కుక్క, పిల్లి జాతుల ముద్రలోను నాలుగు వ్రేళ్ళే పడును. పిల్లి గోళ్ళు లోనికి ముడుచుకొని నడచును గనుక గోటిగుర్తు ఉన్నచో పిల్లి కాదనవచ్చును. కుక్క, నక్కల ముద్రల నుండి వేరుపరచుటకు మాత్రము పరిమాణమును, మడమ ఆకారమును చూడక తప్పదు. తెలుగునేలపై పరీక్షకు నిలిచిన ఈ పద్ధతిని కెన్యా తీరమున వాడిచూచుట లాభకరమని మా సూచన.

అరణ్యముల మాట

మూడవ ప్రశ్న కొచ్చుసరికి అభిప్రాయభేదములు తగ్గును, కష్టములు పెరుగును. అరబూకో సొకోకె అరణ్యము సుమారు 420 చదరపు కిలోమీటర్లది. తూర్పు ఆఫ్రికా తీరమున మిగిలిన అడవులలో పెద్దది. పైకి ఒకటిగా కనబడు ఆ అడవిలో మూడు విధముల వృక్షసంపద కలదు: తూర్పున మిశ్రారణ్యము, నడుమ తెల్లని ఇసుకనేలపై బ్రాకిస్టీజియా వృక్షములు, పడమట ఎఱ్ఱనేలపై సైనోమెట్రా పొదలు. తక్కిన తీరారణ్యములు చిన్నచిన్న తునకలు. వానిలో కొన్ని మిజికెండా ప్రజలు పవిత్రములని కాపాడిన కాయా వనములు; 2008లో యునెస్కో వానిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినది. వంటచెరకు, బొగ్గు, ఇండ్లకు కలప, చెక్కడపుపని, ఉచ్చులవేట, పొలముల విస్తరణ ఈ తునకలను నానాటికి కొరుకుచున్నవి.

రక్షణకు రెండు మార్గములు సూచింపబడినవి. ఒకటి జంతువును ముందుంచి, అరుదైన జాతి యని ప్రచారము చేసి, దాని పేరున అడవిని కాపాడుట. రెండవది అడవిని ముందుంచి, దాని యంచున బ్రతుకు రైతునకు అడవి నిలిచియుండుటయే లాభకరమగునట్లు చేయుట. 1993లో అరబూకో సొకోకె అంచున ఆరంభమైన కిపెపియో సంస్థ రెండవ మార్గమునకు ప్రసిద్ధోదాహరణము. సీతాకోకచిలుకల కోశస్థ కీటకములను రైతులచే పెంచించి విదేశములకు అమ్మి వారికి ఆదాయము కల్పించుట దాని విధానము. ఆ చిలుకలకు ఆహారమగు మొక్కలును, తల్లిపురుగులును అడవిలోనివే గనుక అడవి పోయినచో వ్యాపారమును పోవును.

మొదటి మార్గము సొకోకె ముంగిస విషయమున ప్రమాదకరము. రక్షణవాదమంతయు ప్రత్యేకజాతి యన్న మాటపై నిలిపినచో, రేపు జన్యుపరీక్ష అది ఉపజాతి మాత్రమే యని తేల్చిననాడు వాదమే కూలిపోవును, దానితో పాటు అడవికి కలిగిన గౌరవమును కూలును. జాతి యైనను, ఉపజాతి యైనను, ఆ తీరపు నేలలో ఆ పొదల మధ్య తరతరములుగా రూపొందిన ఈ సమూహము నశించినచో మరల తెచ్చుటకు వీలులేదు. నామకరణ విచారణ శాస్త్రమునకు అవసరమే. కాని అది ముగియువరకు గొడ్డలి ఆగదు.

మన దేశమున దీనికి దీటైనవి

మనదేశమున సొకోకె ముంగిసకు మిక్కిలి సన్నిహితమైన పోలిక గోధుమవన్నె ముంగిసది. పడమటి కనుమల దక్షిణభాగమునను శ్రీలంకయందును అడవులలో వసించు ఇది ముఖ్యముగా రాత్రివేళ తిరుగును. చిరకాలము కంటికి చిక్కని జంతువుగానే పేరొందినది. 2008 నాటి ఎర్రజాబితాలో దుర్బలమని లెక్కింపబడినది. అటుపిమ్మట కెమెరాలచే అడవులందును, కాఫీ తేయాకు తోటల నడుమ మిగిలిన అడవితునకలయందును దాని ఉనికి వెల్లడియై, తరువాతి పునఃపరిశీలనలో చింతకు తావులేని వర్గమునకు మార్చబడినది. అగోచరవాదులకు ఇది గొప్ప బలము. అయినను పడమటి కనుమల విస్తీర్ణమెక్కడ, కెన్యా తీరపు తునకలెక్కడ! గోధుమవన్నె ముంగిసకు దొరకిన ఊరట సొకోకె ముంగిసకును దొరకునని అనుకొనుటకు ఆధారము లేదు.

తెలుగునేలకు వచ్చినచో సమస్య మరియొక రూపమున నున్నది. మనకు ప్రధానముగా రెండు ముంగిసలు. ఒకటి పొలములయందును ఊరి కంపలయందును తిరుగు బూడిదవన్నె ముంగిస. రెండవది పొడి అడవులలోను, బండరాళ్ళ కొండలలోను తిరుగు ఎఱ్ఱముంగిస. దాని తోక కొన నల్లనిది, నడచునప్పుడు ఆ కొనను పైకి వంచి పట్టును. దూరమునుండి చూచువారికి ఈ తోకకొనయే గట్టి ఆనవాలు. 1888 నాటి తన గ్రంథమున ప్రకృతిశాస్త్రజ్ఞుడు బ్లాన్‌ఫర్డు మొదటిదానికి యెంటవ యనియు, రెండవదానికి కొండ యెంటవ యనియు తెలుగు పేర్లు నమోదు చేసెను. అనగా శాస్త్రజ్ఞుల పుస్తకములతో పనిలేకయే మన వేటగాండ్రు రెండింటిని విడదీసి యెఱిగియుండిరి. నేడు ఆ విచక్షణ చదువుకొన్నవారిలోనే లోపించినది. ఆదవాని చుట్టునుగల గండశిలల గుట్టలవంటి చోటులు ఎఱ్ఱముంగిసకు తగిన నెలవులు. పనికిరాని బంజరని వానిని క్వారీలకు అప్పగించుటకు ముందు అచట ఏ ముంగిస కలదో చూచు ఆచారము మాత్రము లేదు.

సర్వసాధారణమైనదన్న పేరే ఈ జంతువులకు కీడు చేసినది. చిత్రలేఖనపు కుంచెల కొరకు వీని రోమములను వాడు వ్యాపారము దేశమున బహుకాలముగా సాగుచున్నది. కిలోగ్రాము రోమములకు సుమారు 50 ముంగిసలు చావవలసియుండునని వన్యప్రాణి రక్షకులు అంచనా కట్టిరి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద ముంగిసల వేటయు, వాని రోమముల వ్యాపారమును నిషిద్ధములే. అయినను 2019లో వన్యప్రాణి నేరనిరోధక సంస్థ ప్రత్యేకముగా కుంచెల వ్యాపారముపై దేశవ్యాప్తముగా దాడులు జరుపవలసి వచ్చినది. అరుదైన సొకోకె ముంగిసకు సంఖ్య తెలియదని విచారించు మనము, చేనిగట్టుననున్న ముంగిసకు కూడ సంఖ్య కట్టలేదన్నది గమనింపవలసిన విషయము.

తేలని అంశములు

పేరు విషయమున తీర్పు రావలెనన్న తూర్పు ఉసాంబర నుండి మజెరాసు వరకును, అచటినుండి అరబూకో సొకోకె వరకును వరుసగా నమూనాలు కావలెను. అందుకు జంతువులను చంపనక్కరలేదు. పెంటికల నుండియు, ఉచ్చుబోనులలో పట్టి విడిచిన జంతువుల రోమముల నుండియు, హెల్లరు నాటి వస్తుప్రదర్శనశాలల చర్మముల నుండియు జన్యుపదార్థమును తీయుట నేడు సాధ్యమే. జాంజిబారు రూపమును, నల్లని రూపమును కూడ ఆ పరీక్షలో చేర్చనిచో ఒక ముడి విప్పి రెండు ముడులు మిగిల్చినట్లగును. సంఖ్య విషయమున, ఒకే ఎత్తున, ఎర లేక, వాన ఋతువునను ఎండ ఋతువునను మూడు విధముల వృక్షసంపదయందును సమముగా కెమెరాలు నిలిపిన పరిశీలన అవసరము. మిశ్రారణ్యమున లభించిన లెక్కను సైనోమెట్రా పొదలకు అన్వయించుట తగదు. ఈ ముంగిస ఒక అడవితునక నుండి మరియొకదానికి పొలములు దాటి పోగలదా యన్నది అన్నింటికంటె పెద్ద ప్రశ్న. పోగలిగినచో చిన్న తునకలును దానికి నిలయములే. పోజాలనిచో పెద్ద అడవి యొకటే దానికి ఆశ్రయము, కాయా వనములలో నేడు మిగిలిన జంతువులు ఎంత భద్రముగా కాపాడబడినను కొన్ని తరములలో అంతఃప్రజననముచే క్షీణించును. సొకోకె ముంగిసకు మెడపట్టీ కట్టి రేడియో సంకేతములచే రాత్రి నడకను గుర్తించు పని ఏ పక్షమువారైనను ముందు చేపట్టదగినది. పేరు ఏదైనను దాని ఫలితము రెండు పక్షములకును ఉపయోగపడును.